గోనెసంచులు కప్పిన అన్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లన్నం వండారంటే క్రిస్మసైనా వచ్చి ఉండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి. మిగతా రోజులన్నీ చోడి అంబలే, అంటే రాగి జావే. అరకు లోయ అంచున, ఘాట్ రోడ్డుకు పైన ఉంటుంది మా ఊరు. ఒక వానాకాలం మా అమ్మ జ్వరంతో పోయింది. కింద మైదానంలో ఉండే మా అమ్మమ్మకు కబురు ఆలస్యంగా అందింది. ఆవిడ వచ్చేసరికి కూతుర్ని పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. కడసారి చూపు దక్కనివ్వలేదన్న బాధ మా నాన్నను తినేసింది.

అందుకే అమ్మ పేరున ప్రార్థన కూడిక పెట్టినప్పుడు, అమ్మమ్మ మా ఇంట్లో కూర్చుని కడుపునిండా తినాలన్నదొక్కటే ఆయన పట్టుదల. ఉన్న బియ్యమంతా వండించాడు. పాటలు, ప్రార్థన అయ్యాయి. ఊరివాళ్లు తిని చేతులు కడుక్కున్నారు. అమ్మమ్మ మాత్రం రాలేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ విరిగిపడిందనీ, బస్సులు కిందే ఆగిపోయాయనీ ఎవరో వచ్చి చెప్పారు. గుండిగలో అన్నం ఇంకా సగం ఉంది.

మా నాన్న గోనెసంచులు వెతుక్కొచ్చాడు. వానలో తడిసి వచ్చే మనిషికి చల్లారిన అన్నం పెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. మా కొండల్లో చాలామంది చేసే పనే అది. చలికి భయపడి అన్నాన్ని కూడా పసిపిల్లలా కప్పి పడుకోబెడతాం.

ఆయన మూత పెట్టేలోగా మా నానమ్మ, అంటే ఆయన తల్లి, చేటెడు అన్నం తీసింది. ఉతికిన గుడ్డ మీద పలచగా ఆరబోసి, అదే చేటతో విసరడం మొదలుపెట్టింది. మా నాన్నకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఆళ్లింకా రానేదు. అప్పుడే తీసేత్తన్నావేటి?"

"వత్తారనే తీత్తన్నాన్రా," అంది నానమ్మ, విసరడం ఆపకుండానే.

ఆయనకు ఆ మాట ఎక్కలేదు. గుండిగ మూసి, చుట్టూ సంచులు కప్పి, పొయ్యి పక్కకు జరిపి వాకిట్లో కూర్చున్నాడు. నానమ్మ చల్లారిన అన్నాన్ని మట్టికుండలోకి ఎత్తింది. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పులిసిన అన్నపు నీళ్లుండే తరవాణి కుండలోంచి గరిటెడు కలిపింది. ఆ కుండను పొయ్యికి దూరంగా, చల్లటి గోడ వారన పెట్టింది. చీకటి పడే దాకా అడుగుల చప్పుడైనప్పుడల్లా నాన్న లేచి చూస్తూనే ఉన్నాడు.

తెల్లారింది. నా నాలుగేళ్ల తమ్ముడు ఆకలికి ఏడుపు అందుకున్నాడు. నాన్న సంచులు తీసి మూత ఎత్తాడు. అన్నం తెల్లగానే ఉంది, ఇంకా గోరువెచ్చగా ఉంది.

"వాసనేటీ రానేదమ్మా. ఓపాలి మళ్లీ ఉడకబెట్టి పిల్లలకి పెట్టీద్దాం."

నానమ్మ వచ్చి గుండిగకు అడ్డంగా నిలబడింది. "వాసన సూసి మోసపోకురా. నిన్నటి నుంచీ ఎచ్చగా ముక్కిపోనాది. ఇప్పుడు మరిగించినా అందులో ఇసం సావదు. ఈ గుంటడికి తల్లి పోయింది సాలదేటి?"

నాన్న కోళ్లకైనా వేద్దామంటే నానమ్మ అదీ పడనివ్వలేదు. పెరట్లో గొయ్యి తవ్వి, అమ్మ పేరున వండిన అన్నాన్ని అందులో పోసి మన్ను కప్పాడు. అమ్మ కోసం గొయ్యి తవ్వింది కూడా ఆ పారతోనే. అమ్మ పోయిన రోజున కూడా ఏడవని మనిషి ఆ గొయ్యి పక్కన కూలబడి భోరున ఏడ్చాడు. నాకు భయమేసింది. అన్నం కోసం ఇంత పెద్దమనిషి ఏడుస్తాడా అనుకున్నాను.

నానమ్మ గోడ వారనున్న మట్టికుండ తెచ్చి, అన్నంలో ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపి వేసింది. తమ్ముడికి మాత్రం కారం లేకుండా మెత్తగా పిసికింది. పొద్దెక్కకముందే తినెయ్యమని మమ్మల్ని తొందరపెడుతుండగా గుమ్మంలో అమ్మమ్మ కనిపించింది. మోకాళ్ల దాకా బురద. బస్సు ఆగిపోయిన చోటే ఒక బడిలో తలదాచుకుని, తెల్లవారుతూనే విరిగిన చరియ పక్కనుంచి నడిచి వచ్చిందట. తమ్ముడి తల నిమిరి, నెమ్మదిగా అడిగింది.

"నా బిడ్డ పేరున వొండిన కూడు ఏటైనా మిగిలిందా?"

నాన్న తల దించుకున్నాడు. నానమ్మ కుండను ఆవిడ ముందుకు జరిపింది. మాకు పెట్టగా కుండలో మిగిలినదంతా అమ్మమ్మ ఒక్క మెతుకు వదలకుండా తింది. నాన్న మట్టి చేతులతో గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

ఇప్పుడు నా వంటింట్లో ఫ్రిజ్ ఉంది, వాన పడితే కరెంటే ఉండదు. ఉన్న రోజున అన్నం మిగిలితే, పళ్లేల్లో ఆరబోసి వేడి పోగానే లోపల పెడతాను. మర్నాడు ఉల్లిపాయతో పొగలొచ్చేదాకా తాలింపు వేసి, ఒక్క పూటలో అవగొట్టేస్తాం. మూత కింద వెచ్చగా మరిచిపోయిన అన్నమైతే, ఎంత ఖరీదు బియ్యమైనా సరే, మట్టిపాలే. అన్నానికి ఇంత కాపలా ఏమిటని కోడలు వేళాకోళమాడుతుంది. ఆడనీ.

ఆ రోజు ఆ ఇంట్లో నాన్నా నానమ్మా ఇద్దరూ ఎదురుచూసింది ఒక్క మనిషి కోసమే. నాన్న ప్రేమ తక్కువేమీ కాదు, ఆయనకు అన్నం సంగతి తెలియలేదంతే. వాళ్లెవరూ ఇప్పుడు లేరు. తమ్ముడు కూడా పోయాడు. నా గుమ్మంలోకి రావలసినవాళ్లంటూ పెద్దగా మిగల్లేదు. అయినా గిన్నెలో నాలుగు మెతుకులు మిగిలాయంటే, "వత్తారనే తీత్తన్నాన్రా" అన్న నానమ్మ గొంతు వినిపిస్తుంది. నా చెయ్యి దానంతటదే చేట కోసం వెతుక్కుంటుంది.