వీణ సీటు, ఎండుచేపల పంపు

విజయనగరంలో ఆ వీధికి వచ్చి చూడామణిగారి ఇల్లేదని అడిగితే ఎవరూ నంబరు చెప్పరు. "ఎర్రబండి ఇల్లు" అంటారు. రెండే రెండు సీట్ల కారు, గుడ్డ టాపు, కప్పకళ్ళ లాంటి దీపాలు. చూడామణికి అరవై ఏడు నిండాయి. బండి ఆమెకంటే నాలుగేళ్ళు పెద్దది.

అది ఆ ఇంటికి రావడమే ఓ వింత. వెనకటికి జనపనార మిల్లులో పనిచేసే ఇంగ్లీషు దొర ఒకాయన చూడామణి తండ్రి దగ్గర ఫిడేలు నేర్చుకున్నాడు. సొంత దేశం వెళ్ళిపోతూ, గురుదక్షిణ కింద బండి తాళం తమలపాకులో పెట్టి ఇచ్చిపోయాడు. గురువుగారికి ఎడ్లబండి తోలడం కూడా రాదు. ఏటా విజయదశమికి బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ దుప్పటి కప్పేసేవారు.

అలా పెళ్ళిపీటల మీద కూచున్నట్టు కదలకుండా ఉన్న బండిని ముప్ఫై రెండో ఏట చూడామణి బయటికి తీసింది. అప్పుడే ఆమె చీపురుపల్లి పిల్లలకు శనివారాలు వీణ పాఠం ఒప్పుకుంది. వీణ పట్టుకుని బస్సెక్కితే కండక్టరు దానికీ ఒక టిక్కెట్టు కొట్టేవాడు, సీటు మాత్రం ఇచ్చేవాడు కాదు. నాలుగు వారాలు చూసి ఆవిడకు ఒళ్ళు మండింది. డ్రైవింగు నేర్చుకుంది. ఒక సీట్లో తను, రెండో సీట్లో పాత చీరతో బిగించి కట్టిన వీణ. ముప్ఫై అయిదేళ్ళ శనివారాలు అలాగే గడిచాయి. దారిలో పొలాల్లో ఉన్నవాళ్ళు "వీణమ్మ ఎల్తన్నాది, ఎనిమిదయినట్టే" అనుకునేవారు.

అలాంటి బండి కిందటి నెల గేటు దాటకుండానే మొరాయించింది. మెకానిక్కు గంగులు వచ్చి, కిందకి దూరి, పైకి లేచి, పెట్రోలు పంపు కాలిపోయిందన్నాడు. ట్యాంకు వెనకాల, ఇంజను ముందు. వెనకున్న పెట్రోలును ముందుకు తోడి పోయడమే ఆ పంపు పని. తాళం తిప్పగానే టకటకా కొట్టుకుంటుంది, ఇంజను పక్కనున్న చిన్న గిన్నె నిండగానే ఆగుతుంది.

"లోపల తీగసుట్ట మాడిపోనాదమ్మగోరూ. అలాటిది ఇప్పుడు ఏ షాపులోనూ దొరకదు," అన్నాడు గంగులు.

ఆ మాట చూడామణి అన్నగారు అనంతపద్మనాభం చెవిన పడింది. ఆయన రిటైరైన సంస్కృతం మాష్టారు. మడీ తడీ మనిషి. బండి కాగితాలు ఆయన పేరనే ఉన్నాయి. ఇక కదలని బండి ఇంట్లో ఎందుకని, ఆ సాయంత్రమే విశాఖలో పాత బండ్లు సేకరించే నరసింగరావుకు ఫోను చేసి, ఆదివారం వచ్చి పట్టుకుపొమ్మన్నాడు.

"ఆయన వచ్చేసరికి ఇంజను పలికితే?" అంది చూడామణి.

"పలికితే అమ్మను. పలక్కపోతే మాత్రం నువ్వు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు."

"సరే, మాట మాటే."

ఆవేళ మంగళవారం.

బుధవారం గంగులు శ్రీకాకుళం పాతసామాన్ల బజారు నుంచి కొత్తరకం కారుది ఒక పంపు తెచ్చాడు. బిగించి తాళం తిప్పితే తుమ్మెదలా ఝుమ్మంది. మరుక్షణం ఇంజను పక్క గిన్నె పొంగి, పెట్రోలు నేలమీద కారింది.

"ఆపరా, ఆపు," అంది చూడామణి. "పాలగ్లాసులోకి ఫైరింజను పైపు పెట్టావు. దీనికి ఆగడం తెలీదు."

శుక్రవారం చెన్నై నుంచి పార్సిల్లో సరికొత్త పంపు దిగింది. చూస్తే ముచ్చటేసింది. బిగించారు. తాళం తిప్పారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గంగులు కాసేపు తల గోక్కుని, ఆ తర్వాత తలే బాదుకున్నాడు. ఇప్పుడు మన దగ్గర ఏ బండికైనా బ్యాటరీ మైనస్ తీగే బాడీకి బిగిస్తారు. ఈ దొర బండికి మాత్రం ప్లస్ తీగ బాడీకి. ఇన్నేళ్ళుగా దీన్ని బాగుచేస్తూ కూడా, నోటి అలవాటు కొద్దీ అందరి బండ్లకూ సరిపడేదే చెప్పి తెప్పించాడు.

"నన్ను తిట్టీయండమ్మగోరూ."

"తిడితే పలుకుతుందా? ఇంకెక్కడ దొరుకుతుందో చెప్పు."

గంగులు చెన్నై పంపు విప్పి పక్కన పెట్టాడు. "ఒక సోట ఉన్నాది గానీ, మీకు సెప్పడానికి నోరు రాదు."

"ఏ చోటది? ఎవరింట్లో? ఎందుకు రాదు?" అడగడం మొదలుపెడితే చూడామణి ఊపిరి తీసుకోనివ్వదు.

సంగతేమిటంటే, గంగులు మావగారు వెనకటికి కళింగపట్నంలో మారిస్ టాక్సీ తోలేవాడు. "దాని పంపూ దీని పంపూ అప్పసెల్లెళ్ళు. మా అత్త దాంతో ఎండుసేపలకి కావిలి కాస్తాది."

"చేపలకూ పంపుకూ ఏం సంబంధంరా?"

"మీరే సూద్దురు గానీ."

శనివారం వీణ పాఠానికి సెలవు చెప్పి, పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, కళింగపట్నంలో దిగారు. గంగులు అత్తగారు కూర్మమ్మ ఇంటి ముందు ఇసకలో చేపలు ఎండుతున్నాయి. కాకులు ఎత్తుకుపోకుండా పైన వల కప్పి ఉంది. ఆ వల గాలికి లేవకుండా మూడు మూలల మూడు రాళ్ళు, నాలుగో మూల ఆ పంపు.

గంగులు ఎత్తబోతే కూర్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఓలమ్మా, అది తీసేత్తే నా వలనేటి ఆపుతాది? నువ్వు కూకుంటావేటి అల్లుడూ, కాకులకి కావిలి?"

"ఇదిగో, కొత్తది ఇస్తన్నాం కదా," అంటూ గంగులు చెన్నై పంపు చేతిలో పెట్టాడు. కూర్మమ్మ దాన్ని రెండుసార్లు ఎగరేసి చూసి తిరిగిచ్చేసింది. "దీనికి బరువేది? వలతో పాటు ఇదీ ఎగిరిపోతాది."

చూడామణి అప్పటికే వల పక్కన చతికిలబడి చేపలను చూస్తోంది. పుట్టాక నోట పెట్టింది లేదు, కానీ తెలుసుకోవాలిగా. ఇవెన్నాళ్ళు ఎండాలి, ఉప్పు ముందా వెనకా, వాన పడితే ఏం చేస్తారు అని ఒకటే ఆరా. కూర్మమ్మకు నవ్వొచ్చింది. "తినని దానివి, నీకెందుకమ్మా ఇయన్నీ?"

"తినకపోతే అడక్కూడదా? సరేగాని కూర్మమ్మా, మా ఇంట్లో నల్లరాతి పొత్రం ఉంది. పచ్చళ్ళు నూరేది. నీ పంపుకంటే బరువు. రేపు నేనే తెచ్చిస్తాను."

"ఏ బస్సుకి?"

"బస్సుకి కాదు, దీంతోనే నడిచే బండిలో."

"నడకపోతే?"

"నీ పంపు నీకు తెచ్చిచ్చేస్తాను. ఇంక నాకు దానితో పనేముంటుంది?"

కూర్మమ్మ ఆవిడకేసి ఒకసారి చూసి, పంపు తీసి కొంగుతో ఇసక తుడిచింది. దాని చోట్లో తన ఇత్తడి చెంబు నీళ్ళతో నింపి పెట్టింది. "రేపటి దాకా ఇది కాస్తాది. మరి మరిసిపోకు."

తిరుగు బస్సులో వాళ్ళ చుట్టుపక్కల రెండు వరసలు ఖాళీ అయ్యాయి.

ఇంట్లో అనంతపద్మనాభం వీధిగుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. "ఒసే చూడామణీ, ఏమిటే ఆ సంచిలో?"

"పంపు అన్నయ్యా. నువ్వు పలకాలన్నావు గానీ, ఏ వాసన వెయ్యాలో చెప్పలేదుగా."

చింతపండు పెట్టి తోమారు, బూడిద పెట్టి తోమారు. ఇత్తడి మెరిసింది గానీ వాసన చెక్కుచెదరలేదు. గంగులు విప్పి చూస్తే ఇనప మరలకు తుప్పు, లోపల తీగచుట్ట మాత్రం భద్రంగా ఉంది. పెట్రోలును తోడే లోపలి తోలుపొర ఎండి చిట్లిపోయింది. కాలిపోయిన పాత పంపులో తోలు రెండేళ్ళ కిందటే వేసింది కాబట్టి, దాన్ని తీసి ఇందులో కూర్చాడు.

ఆదివారం ఎనిమిదింటికల్లా నరసింగరావు లారీతో సహా దిగాడు. అనంతపద్మనాభం ఆయనకు కాఫీ ఇచ్చి, కాగితాలు బల్లమీద పెట్టాడు. వీధివీధంతా గోడల మీదికి ఎక్కింది. చూడామణి బండెక్కి, తాళం తిప్పింది.

టక టక టక టక. జనంలో ఒక 'హమ్మయ్య'. కానీ అది ఆగదే. గంగులు కిందనుంచి తల బయట పెట్టి, "పలుకుతున్నాది కదమ్మా, ఇంక ఇంజను కొట్టండి," అన్నాడు.

చూడామణి చెయ్యి ఎత్తి వారించింది. కళ్ళు మూసుకుని, ఎడంచేత్తో తొడమీద తాళం వేస్తోంది. "కాదురా. ఎనిమిదో దెబ్బ దగ్గర తడబడుతోంది. మళ్ళీ ఎనిమిది, మళ్ళీ తడబాటు. మన చీపురుపల్లి పిల్లలు కూడా సరిగ్గా అక్కడే తప్పుతారు. దీనికి గొంతులో ఏదో అడ్డుంది."

గంగులు మూత విప్పి చూశాడు. టకటకమని కొట్టుకునే రెండు బిళ్ళల మధ్య సన్నటి ఇసకరేణువు, కళింగపట్నందే. బల్లమీద ఎవరిదో పాత శుభలేఖ ఉంటే దాని అంచు చింపి, ఆ సందులో పెట్టి రెండుసార్లు లాగాడు. మళ్ళీ తాళం తిప్పారు.

టకటకటక. టక టక. టక... టక. ఆగింది.

నరసింగరావు, "అయ్యో, ఆగిపోయిందే," అన్నాడు, పాపం జాలిగానే.

"ఆగిపోలేదు బాబూ, గిన్నె నిండింది. ఎక్కడ ఆగాలో దీనికి తెలుసు," అని చూడామణి స్టార్టరు మీట లాగింది. ఇంజను ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది.

నరసింగరావు పంపు దగ్గరకు వంగి వాసన చూసి, ముక్కు నలుపుకుని, చేతులు జోడించాడు. "దీన్ని తీసుకెళ్ళి గాజుగదిలో పెడితే పాపం చుట్టుకుంటుందండీ," అని ఖాళీ లారీతోనే సెలవు తీసుకున్నాడు.

అనంతపద్మనాభం కాగితాలు మడిచి లోపల పెట్టి వచ్చాడు. చేతిలో నల్లరాతి పొత్రం ఉంది. రెండో సీటు తలుపు తీసి నిలబడ్డాడు.

"అన్నయ్యా, నువ్వెక్కడికి?"

"ముప్ఫై అయిదేళ్ళుగా ఆ వీణకు దొరికిన సీటు నాకు దొరకలేదు. ఇవాళ అది ఇంట్లోనే ఉందిగా."

చూడామణి వీణకు కట్టే పాత చీర తీసి ఆయన నడుం చుట్టూ బిగించి కట్టింది. "ఇలా కట్టకపోతే మలుపుల్లో దొర్లిపోతావు."

మాష్టారు ఒళ్ళో పొత్రం పెట్టుకుని, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని కూచున్నాడు. బండి కళింగపట్నం వైపు కదిలింది. శ్రీకాకుళం దాటేసరికి ఉత్తరీయం ముక్కు మీదినుంచి జారి మెడలో పడింది. దాన్ని మళ్ళీ పైకి లాక్కోవాలని ఆయనకు తోచలేదు.