మా షడ్డకుడిని ఔటిచ్చిన మధ్యాహ్నం

మొన్న ఆదివారం పొద్దున నంద్యాలలో మా ఇంటి ముందు సందులో పక్కింటి పిల్లలిద్దరు బ్యాటు కోసం పెనుగులాడుతున్నారు. బంతి కాలికి తగిలింది కాబట్టి ఔటని అన్న, కాదని చెల్లెలు. నేను వరండాలో పేపరు చదువుకుంటుంటే ఇద్దరూ వచ్చి, "తాతా, నువ్వు సారువి గదా, నువ్వు చెప్పు" అన్నారు. కళ్లద్దాలు తీసి, గొంతు సవరించుకుని, బంతి ఎక్కడ పడాలి, కాలికి ఎక్కడ తగలాలి, కాలే అడ్డం లేకపోతే ఎటు పోయి ఉండేది అని మొదలుపెట్టాను. మూడో వాక్యానికి పిల్లవాడు బంతిని ఎగరేసి పట్టుకోసాగాడు. ఐదో వాక్యానికి ఇద్దరూ రాజీపడిపోయి, "సర్లే తాతా, ఇంకోసారి ఏసుకుంటాం" అని పరుగెత్తారు. తగువు తీరింది, సంతోషమే. కానీ నాకు ఆళ్లగడ్డలో ఉన్న మా షడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, గుర్తుకొచ్చాడు. ఆయన గుర్తుకొస్తే నాకు ముందు కడుపులో మండుతుంది, ఆ తరవాతే మొహం కళ్లముందుకు వస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే వరుస.

క్రికెట్ విషయంలో మా ఇద్దరికీ అసలు పోలికే లేదని నా నమ్మకం. నేను కాలేజీ జట్టులో ఆడినవాణ్ణి. ఆడింది మూడు మ్యాచులు, వాటిలో రెండింట్లో బ్యాటింగ్ నా దాకా రాలేదు, అది వేరే సంగతి. వాటికోసం తెల్లప్యాంటు కుట్టించుకున్నాను. ఆ తరవాత ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పాను. ఆయన నల్లరేగడిలో శనగ పండించే రైతు. చేని గట్టు మీద రేడియో పెట్టుకుని, కామెంటరీ వింటూ ఆట నేర్చుకున్న మనిషి. ప్యాడ్లు కట్టుకున్న ఆటగాణ్ణి దగ్గర నుంచి చూసి కూడా ఉండడు.

మా అమ్మాయి తొమ్మిదో ఏట టీవీలో మ్యాచ్ చూస్తూ, "నాయనా, వీళ్లేం చేస్తాండారు?" అని అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను ఆ పిల్లను కన్నానేమో అనిపించింది. కొత్త నోటుబుక్కు తెచ్చి, ఎన్ని విధాలుగా ఔటవుతారో వరుస సంఖ్యలు వేసి డిక్టేషన్ ఇచ్చాను. నాలుగో నంబరు దగ్గర పెన్సిల్ ఆపి, "వికెట్ అంటే కట్టెలా, మనిషా?" అంది. రెండూనని చెప్పాను. నిజాయితీ ఎక్కువై, బంతి పడే నేలను కూడా వికెట్ అంటారని కలిపాను. పిల్ల నా మొహం కేసి ఒకసారి చూసి పుస్తకం మూసేసింది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఏమప్పా, పిల్లకు ఆట చెప్తాండావా, పరీక్ష పెడ్తాండావా?" అని అడిగింది. నేను టీవీ శబ్దం పెంచాను.

ఆ వేసవిలో అందరం ఆళ్లగడ్డ వెళ్లాం. పిల్లకు ఇష్టమని బనగానపల్లె మామిడిపండ్లు ఒక బుట్ట నిండా, బస్సులో ఒళ్లో పెట్టుకుని మోశాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి మా షడ్డకుడు పెరట్లో మూడు కందికట్టెలు పాతుతున్నాడు. మా పిల్ల బుట్ట వైపు చూడను కూడా లేదు. చెప్పులు విడిచి ఆయన దగ్గరికి పరుగెత్తి, నన్ను ముంచిన ఆ ప్రశ్ననే ఆయననీ అడిగింది. వికెట్ అంటే ఏంది చిన్నాయనా అని. ఇక ఈయన పని కూడా అయిందనుకుని నేను హాయిగా కూర్చున్నాను. ఆయన కట్టెను తన్ని పడేసి, "వికెట్ అంటే పడేది పాపా. కట్టె పడినా వికెట్టే, మనిషి పోయినా వికెట్టే" అన్నాడు. అంతే. పిల్ల నవ్వింది. నాకు అప్పుడు మొదలైంది మంట.

పరుగు గురించి చెప్పడానికి నేల మీద గీత గీసి, "ఈ గీత లోపలుంటే నీ ఇల్లు. బయటికొచ్చినావంటే నీకు దిక్కు లేదు, బిరీన ఇంట్లోకి రావాల" అన్నాడు. ఇద్దరూ ఎండలో ఆ గీతకూ ఈ గీతకూ అరగంట ఉరికారు. ఎల్బీడబ్ల్యూ దగ్గర ఎట్లాగూ చతికిలపడతాడని నేను కాచుకున్నాను. ఆయన వెళ్లి వాళ్లావిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చి, ఈ వికెట్ల నుంచి ఆ వికెట్ల దాకా రెండు పొడుగాటి గీతలు పోశాడు. "ఇది బంతి దోవ. దోవన పడి, వికెట్ల మీదికి పోతాంటే నువ్వు కాలడ్డం పెట్టినావనుకో, తప్పు నీది, ఔటు. నీ కాళ్ల పక్కుండే ఈ గీతకు అవతల పడిందనుకో, అది దోవ తప్పిన బంతి. అది యాడ తగిలినా నాటౌట్" అన్నాడు. ఆ తరవాత పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి వికెట్ల ముందు నిలబడి, బంతి తన కాళ్లకేసి కొట్టమన్నాడు. తగిలినప్పుడల్లా "ఇదేందీ?" అని అడగడం, పిల్ల "ఔటు!" అనో "నాటౌట్!" అనో కేక వేయడం. పొద్దు వాలేసరికి ఆయన పిక్కలు కమిలిపోయాయి, మా అమ్మాయికి ఎల్బీడబ్ల్యూ వచ్చేసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను ఆఫ్ స్టంప్ బయట తగిలితే వర్తించే మినహాయింపు ఒకటి ఉందని గుర్తు చేశాను. ఎవరూ తలెత్తలేదు.

సెలవుల ఆఖరున వీధి పిల్లలు రెండు జట్లుగా మ్యాచ్ పెట్టుకున్నారు. రూల్స్ తెలిసినవాణ్ణని నన్ను అంపైరుగా నిలబెట్టారు. మా షడ్డకుడు మా అమ్మాయి జట్టులో ఆడుతున్నాడు. ఆట మొదలయ్యే ముందు మా పిల్ల తన స్నేహితురాలితో చెబుతుండగా విన్నాను. "మా నాయనకు రూల్స్ అన్నీ తెల్సు. చెప్పడం రాదు, అంతే." ముప్పై ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ నా గురించి అంత మాట రాయలేదు.

చివరికి మా అమ్మాయి జట్టు గెలవడానికి నాలుగు పరుగులు కావాలి. మిగిలింది ఒక్క వికెట్. బ్యాటింగులో మా షడ్డకుడు, ఈ చివర నా పక్కనే మా అమ్మాయి. బంతి లెగ్ వికెట్‌కు, అంటే కాళ్ల పక్క వికెట్‌కు, జానెడు బయట దుమ్ములో పడి, లోపలికి తిరిగి, ఆయన మోకాలికి తగిలింది. అవతలి జట్టు పిల్లలంతా చేతులెత్తి అరిచారు. దుమ్ములో బంతి చేసిన గుంట నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. తల అడ్డంగా ఊపడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో ఆయన మోకాలు రుద్దుకుంటూ మా అమ్మాయి వైపు చూసి కన్ను గీటాడు. పిల్ల ఆయన్ను చూసి నవ్వింది. నా చూపుడువేలు పైకి లేచింది.

"నాయనా, లెగ్ బయట పడింది. నాటౌట్" అంది మా అమ్మాయి, అందరికీ వినపడేలా.

"అంపైర్ నువ్వా, నేనా?" అన్నాను. క్లాసులో వాడే గొంతు అది, ఇంట్లో ఎప్పుడూ వాడలేదు.

ఆయన బ్యాటు చంకలో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "పాపా, అంపైర్ చెప్పినాక అయిపాయ. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన రూలు అదే. నేనే చెప్పడం మర్చిపోతి" అన్నాడు. నా వైపు చూసి, "దా అన్నా, మజ్జిగ తాగుదాం" అని ముందు నడిచాడు.

మరుసటి రోజు నంద్యాల బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. శిరివెళ్ల దాటాక బయటికే చూస్తూ, "నాయనా, అంపైరు తెల్సే తప్పు చెప్తే దానికేం రూలుంది?" అని అడిగింది.

"అట్లాంటి రూలు లేదమ్మా."

"ఉండాల" అంది.

ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. పెద్దదై, ఇప్పుడు కర్నూలులో లెక్కల టీచరుగా పనిచేస్తోంది. సాయంత్రాలు బడిలో ఆడపిల్లలకు క్రికెట్ నేర్పుతుంది. ఒకసారి వాళ్ల బడి వార్షికోత్సవానికి వెళ్లాం. తనకు ఈ ఆట నేర్పింది చిన్నాయన అని మైకులో చెప్పింది. ముందు వరసలో ఆయనా నేనూ పక్కపక్కనే కూర్చున్నాం. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. చేతులు మండాయి, మండినవి అవి మాత్రమే కాదు.

సందులో పిల్లల తగువు చూసిన మరునాడు నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా షడ్డకుడు వాకిట్లో కూర్చుని శనగలు చెరుగుతున్నాడు. పక్కనే కూర్చుని, ఇరవై ఏళ్ల కిందటి మ్యాచ్, లెగ్ బయట పడిన బంతి, తెలిసే ఎత్తిన వేలు, ఎందుకెత్తానో ఆ కారణంతో సహా, అన్నీ చెప్పేశాను. ఆయన చాట ఆపి విన్నాడు.

"ఏ మ్యాచ్ అన్నా?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. తల గోక్కున్నాడు. "నేనెన్ని తూర్లు ఔటయినానో నాకు యాడ గుర్తుంటాది? సరే గానీ, పాప ఏమనింది?"

"నాటౌట్ అనింది. లెగ్ బయట పడిందని అందరి ముందరా చెప్పింది."

ఆయన మొహం విచ్చుకుంది. "అనిందా! అంత చిన్నపిల్ల! నీ మొగానే అనిందా? ఇదో, ఇన్నావా" అని లోపలున్న వాళ్లావిడను కేకేశాడు. "మన పాప ఆ పొద్దే అంపైరుకు ఎదురు చెప్పిందంట. ముగ్గుగీత మర్చిపోలే!" శనగల చాట పక్కన పెట్టి మరీ నవ్వాడు. క్షమించానని చెప్పాలని ఆయనకు తట్టనే లేదు. క్షమించడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ఇరవై ఏళ్లు నేను మోసిన తప్పులోంచి కూడా ఆయన మా అమ్మాయిని చూసి మురిసిపోయే సంతోషాన్నే ఏరుకున్నాడు, నా కళ్లెదుటే.

తిరుగు బస్సులో నాకు మళ్ళీ అసూయ కలిగింది. ఈసారి ఆయన చెప్పే నేర్పు చూసి కాదు, ఆయన మరపు చూసి. ఆ మ్యాచ్ మధ్యాహ్నం మా ఇద్దరి మీదికీ ఒకే ఎండతో వచ్చింది. ఆయన దగ్గర మజ్జిగ తాగేంత సేపు కూడా ఆగలేదు. నా దగ్గర మాత్రం ఇరవై ఏళ్లయినా పొద్దు వాలలేదు.