గోడ మీది గిన్నె

మా అమ్మకీ పెద్దమ్మకీ ఉప్పూ నిప్పూ. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. కాపురానికొచ్చిన నాటినుంచీ ఈ తోడికోడళ్ళిద్దరూ దానికి అటూ ఇటూ నిలబడి పోట్లాడుకునేవారు. అరటిగెల ఎటు వాలిందన్న తగువులో మధ్యకెళ్ళి మా నాన్నా పెదనాన్నా తిట్లు తినేవారు. అయినా గోడ మీద కూరగిన్నె రాకపోకలు మాత్రం ఆగలేదు. వచ్చిన గిన్నె ఖాళీగా పంపకూడదని ఇద్దరికీ పట్టింపు. కూరకి వంకలు పెట్టి, గిన్నె నాకినట్టు ఖాళీ చేసి, మళ్ళీ నింపి పంపేవారు.

కిందటేడు పెద్దమ్మ నిద్రలోనే పోయింది. అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి వడ్డనలన్నీ తనే చూసింది. రాతిగుండె అని చుట్టాలు గుసగుసలాడారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. పెద్దకర్మ అయిన మర్నాడు మా వంటింట్లో పెద్దమ్మ గిన్నె కనబడింది. దాన్ని చేతిలోకి తీసుకుని అమ్మ అక్కడే కూలబడిపోయింది.

రాజమండ్రి ఆసుపత్రికి చేరేసరికి అమ్మకి ఊపిరి అందడం లేదు. గుండెపోటనే అనుకున్నారుగానీ, రక్తనాళాల్లో అడ్డంకేమీ కనబడలేదు. డాక్టరుగారు తెరమీద చూపించారు. గుండె పైభాగం కొట్టుకుంటోంది. కింది సగం కదలిక లేకుండా ముంతలా ఉబ్బి ఉంది.

“దుఃఖం మరీ ఎక్కువైతే ఒక్కోసారి ఇలా అవుతుందండి. గుండె ఉన్నట్టుండి నీరసించిపోతుంది. ఈ గండం గట్టెక్కితే చాలామందికి మళ్ళీ మామూలైపోతుంది. బాగా కావలసినవాళ్ళెవరైనా పోయారా?”

“తోడికోడలండి,” అన్నారు నాన్న. “కానీ ఇద్దరికీ పడదండి.”

నేను తెరవైపే చూస్తూ ఉండిపోయాను. అమ్మ ఏడవని ఏడుపంతా అక్కడుంది. ఒక మనిషి పోతే ఇంకో మనిషి గుండె ఆకారమే మారిపోతుందా! భయం వేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

అమ్మ బతికింది. కొన్ని వారాలకి మళ్ళీ స్కాన్ తీస్తే, గుండె ఎప్పటిలా నిండుగా కొట్టుకుంటోంది. ముంత జాడే లేదు. మొదటిదానికంటే నాకిదే వింతగా తోచింది.

ఇంటికొచ్చాక, వద్దన్నా వినకుండా కందా బచ్చలికూర వండి ఆ గిన్నె నింపింది. గోడ దగ్గరికెళ్ళి పెదనాన్నకి అందించింది. ఆయన ఏనాడూ కూరకి వంక పెట్టినవాడు కాదు. అక్కడే నిలబడి కొంచెం నోట్లో వేసుకున్నారు.

“ఉప్పు తక్కువైందమ్మా. మీ అక్కయ్యైతే ఊరుకునేది కాదు.”

అప్పుడు ఏడ్చింది అమ్మ.