ఊడిన తీగకు పెట్టిన నంబరు

ఎవరి పని చూసినా ఛీఛీ అంటుందని ఆఫీసులో ఆమెను అందరూ ఛీఛీ అక్క అనేవారు, వెనకాల మాత్రమే. ఇరవై ఏళ్లుగా ఆమె పని డ్రైవర్లు రాయడం. అంటే యంత్రానికీ కంప్యూటరుకూ మధ్య కబురు మోసే చిన్న ప్రోగ్రాములు. యంత్రం మొరాయిస్తే ఎందుకో డ్రైవరు ఒక నంబరుతో చెప్పాలి. యంత్రం వేరే పనిలో ఉంటే ఒకటి, అసలు లేకపోతే ఇంకొకటి. ఆ నంబర్ల పట్టిక గోడ మీదే ఉంది, చూసే నాథుడేడీ! ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అన్నట్టు ఏదో ఒక నంబరు పారేసి చేతులు దులుపుకునేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఫోను చేసింది. ఆ పిల్ల ఆసుపత్రిలో నర్సు, మందుల గది బాధ్యత ఆమెదే.

"వదినా, ఫ్రిజ్‌లో మందులన్నీ పాడయ్యాయి. తెర మీదేమో రెండు రోజులూ నాలుగు డిగ్రీలే ఉంది. నేనే సరిగ్గా చూడలేదంటున్నారు. రేపు విచారణట. నా ఉద్యోగం పోతుంది వదినా."

ఆ ఫ్రిజ్‌లో చల్లదనం కొలిచే సెన్సరుకు డ్రైవరు రాసింది వీళ్ల విభాగమే. ఆమె ఫైలు తెరిచింది. సెన్సరు తీగ ఊడితే పంపాల్సింది "పరికరం లేదు" అనే నంబరు. పంపుతున్నది "కాసేపాగి మళ్లీ అడుగు" అనేది. తెరను నడిపే పై ప్రోగ్రాము పిచ్చిదానిలా అడుగుతూనే ఉంది, ఫ్రిజ్ వేడెక్కినా పాత నాలుగునే చూపిస్తూ ఉంది.

ఆమె విభాగాధిపతి గదిలోకి విసురుగా వెళ్లింది. "ఏంటండీ ఈ దరిద్రం?"

"పరికరం లేదంటే ఫిర్యాదు మన నెత్తిన పడుతుంది. ఇదైతే ఎవరి మీదా పడదు," అన్నాడాయన తాపీగా.

"నర్సు మీద పడిందిగా! సిగ్గు లేదూ?"

"అరవకండి. ఆ ఫైలు తనిఖీ చేసి సరేనన్నది ఎవరో కాస్త కింద చూడండి."

చూసింది. కింద ఉన్నది ఆమె పేరే. ఆ వారం నలభై ఫైళ్లొస్తే చదవకుండానే సరే కొట్టేసింది. తన వేళ్లను చూసుకుంటేనే ఆమెకు రోత పుట్టింది.

మర్నాడు విచారణలో పెద్ద డాక్టరు అడిగాడు. "మీ ఆడపడుచు తరఫున చెప్పడానికొచ్చారా?"

"కాదండీ. తీగ ఊడిందని మీకు చెప్పకుండా దాచింది మేము. దానికి సరేనన్నది నేను."

నర్సు ఉద్యోగం నిలిచింది. వరండాలోకొచ్చాక వదిన తన చేయి పట్టుకోబోతే ఆ పిల్ల విదిలించుకుంది.

"పాడైనట్టు తేలేదాకా రోగులకు ఆ మందులే వేశాను వదినా," అంది. "నా చేత్తో."