లోయకు ఇవతల నుంచి

న్యూజిలాండ్ దక్షిణపు కొసన, సౌత్‌లాండ్‌లో, డెస్మండ్ పాస్కో ముప్పై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించాడు. ఆ ముప్పై ఏళ్ళలో వేటకెళ్ళినప్పుడు ఏ దుప్పినీ రెండువందల మీటర్లు దాటి కొట్టిన పాపాన పోలేదు. పాక్కుంటూ దగ్గరికి వెళ్ళేవాడు, కుదరకపోతే ఉత్తచేతులతో ఇంటికొచ్చేవాడు. నడుం పడిపోయి పని మానేశాక మహానుభావుడికి జ్ఞానోదయమైంది. దూరం కొలిచే యంత్రం, గాలి కొలిచే యంత్రం, రెండూ కలిపి లెక్క చెప్పే ఫోను, ఆ లెక్క వినే కొత్త తుపాకీ కొన్నాడు. ఇక నడిచే కర్మ లేదన్నాడు.

ఇంటి వెనక బీడులో ఇనపరేకును ఆరువందల మీటర్ల నుంచి పదికి పదిసార్లు కొట్టాడు. రేకు పాపం కదలలేదు, అరవలేదు. ఇంకేం, ఊరి అగ్నిమాపక దళం విందుకు అంతే దూరం నుంచి కొట్టిన దుప్పిని తెస్తానని టముకు వేశాడు.

ఏప్రిల్. మగదుప్పులు రంకెలు వేసే నెల. శనివారం విందనగా శుక్రవారం పొద్దున్నే భార్య నోలీన్‌తో కొండెక్కాడు. లోయ అవతలి గట్టు మీద పన్నెండు మొనల కొమ్ములతో ఎర్రదుప్పి కనిపించింది.

"ఐదొందల ఎనభై!" అన్నాడు డెస్, లాటరీ తగిలినవాడిలా.

"గంట నడిస్తే రెండొందలకి చేరతాం. వాగు దాటుదాం పదవయ్యా."

"ఈలోపు అది పోతే? అగ్నిమాపక దళంలో ఆ గ్యావిన్‌గాడు ఏడాదంతా నవ్వి చస్తాడు."

"అవతల గడ్డి ఎటు వాలుతోందో చూడు. అక్కడ గాలుంది."

"యంత్రం లేదంటోందే!"

"యంత్రం నీ చేతిలో ఉంది. దుప్పి అక్కడుంది."

"అబ్బ, నీ నస ఆపుతావా!" అని పేల్చాడు.

తూటా చేరేలోపు దుప్పి ఒక అడుగు వేసింది. గాలి తన వంతు తాను తోసింది. వెనక కాలు విరిగి, మూడుకాళ్ళ మీద అది అడవిలోకి దూరింది.

నడవక్కర్లేదన్న పెద్దమనిషి నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ ఐదుగంటలు నడిచాడు. యంత్రాలన్నీ సంచిలో హాయిగా పడుకున్నాయి. నోలీన్ ముందు నడుస్తూ, చుక్క కనిపించిన చోటల్లా వేలితో చూపించి సాగిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది డెస్‌కు.

వాగు మలుపులో పడి ఉంది దుప్పి. లేవబోయి, లేవలేక, అతని వైపే చూసింది. డెస్ సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిందే," అని గొణిగి, ఐదు మీటర్ల నుంచి కాల్చాడు.

విందులో మాంసం ఘుమఘుమలాడింది. గ్యావిన్ బీరుగ్లాసు ఎత్తాడు. "ఏరా డెస్, ఎన్ని మీటర్లు? చెప్పు, చెప్పు!"

నోలీన్ మొగుడి వైపు చూసింది.

"ఐదొందల ఎనభై నుంచి కాలు విరగ్గొట్టాను. ఐదుగంటలు కుంటింది. చంపింది ఐదు మీటర్ల నుంచి."

గ్యావిన్ నవ్వబోయి ఆగాడు. డెస్ తన ప్లేటు పక్కకు జరిపాడు.

నోలీన్ దాన్ని మళ్ళీ అతని ముందుకు తోసింది. "తిను. అది అంత బాధ పడింది నువ్వు పస్తుండడానికి కాదు."