జానెడు పెరిగిన బండి

కంబళి తడిసిన వాసన ఎక్కడ తగిలినా నాకు మా నాన్న బండి గుర్తొస్తుంది.

మాది పావగడ దగ్గర పల్లె. నాన్న మా వీధిలో అందరికన్నా పొడగరి. ఆయన కొన్న పాత మోటార్ సైకిలేమో మరీ పొట్టిది. ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిల్‌కు కొట్టుకునేవి.

“మోకాళ్ళు పట్టేస్తాండాయి మే. దీన్ని అమ్మేస్తా,” అన్నాడు ఒకరోజు అమ్మతో.

“అమ్మేదెందుకు? జానెడు పెంచితే సరిపోతాది,” అంది అమ్మ.

మా ఇంట్లో పెంచడమంటే గొర్రెపిల్లల్నే. అందుకని మరునాడు బడికి పోయేముందు బండి ముందర గుప్పెడు మేత వేసి, చక్రం దగ్గర చెంబెడు నీళ్ళు పోశాను. బోరింగు దగ్గర పొద్దంతా నిలబడితే గాని బిందె నిండని కరువు రోజులవి.

సాయంత్రం వచ్చేసరికి బండి నిజంగానే పెరిగి ఉంది. సీటు మీద పాత కంబళిని మడతలు మడతలుగా పరిచి, పైన గోనెపట్టా చుట్టి, శెనక్కాయల మూటలు కుట్టే దబ్బనంతో కుట్టేసింది అమ్మ. ఆ కుట్లేవీ నా కంటికి ఆనలేదు. ఎత్తు ఒక్కటే కనిపించింది.

నాన్న ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు ఎక్కడా తగల్లేదు.

“బలే పెంచినావే,” అన్నాడు.

దబ్బనం గుచ్చుకున్న వేలిని నోట్లోంచి తీసి అమ్మ నావైపు చూపించింది. “నేను యాడ పెంచినా? పొద్దున పాప మేతేసి, నీళ్ళు పోసింది.”

వానొచ్చిన అరుదైన రోజుల్లో ఆ సీటు గొర్రెల దొడ్డిలా వాసన వేసేది. నాన్న చాలా ఏళ్ళు దానిమీదే తిరిగాడు. నేనే పెంచానని ఊరంతా చెప్పుకున్నాను. అమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు.