ఇంద్రజ క్రాపీ వేట

మార్చిలో ఫ్రిస్కో దగ్గరి లేక్ మీద గాలి ఈడ్చి కొడుతుంటే అందరూ ఇళ్లకు పోతారు. రిటైరైన డాక్టర్ ఇంద్రజ అప్పుడే వస్తుంది. గాలికి వీపు పెట్టి, క్రాపీ చేపల కోసం గాలం బెండును అలల మీద వదులుతుంది. నిరుడు ఆమె పట్టిన చేపలను భర్త స్నేహితుడు భీమశంకర్ పార్టీలో తనవని చెప్పుకున్నాడు. అందరిముందూ ఆమె నవ్వి ఊరుకుంది.

మొన్న శనివారం భీమశంకర్ ఆమె కార్‌లోనే లేక్‌కి వచ్చి, "ఎంత లోతులో వేయాలమ్మా?" అన్నాడు. చేపలు రెండడుగుల లోతులోనే తిరుగుతున్నాయని ఆమెకు తెలుసు.

"నీళ్ల అట్టడుగుదాకా వదలండి అన్నయ్యగారూ."

అతనికి ఒక్కటీ పడలేదు. ఆమె మాత్రం పడిన ప్రతి చేపనూ అతని ముందు నుంచే తీసుకెళ్లి బకెట్‌లో వేసింది. చలికి అతని పళ్లు టకటకలాడాయి.

"ఇక వెళ్దామా అమ్మా?"

"గాలి బాగుంది, ఇంకాసేపు ఉందాం," అని ఇంద్రజ మళ్లీ గాలం విసిరింది.